ఎదురుచూపుకూ గడువు అడగాలి

ప్రోస్టేట్ కాన్సర్ అన్నాక ఆస్పత్రుల చుట్టూ తిరిగే రోజులు.. ఏ ఆలస్యం ఫరవాలేదు? ఏది ప్రమాదం?

మొయినాబాద్ : ఇంకా తెల్లవారకముందే చేమంతి మూటలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు బయలుదేరతాయి. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద ఒకరిద్దరు రైతులు టీ తాగుతూ బండి కోసం నిలబడి వుంటారు. ఏళ్ల తరబడి ఆ మూటలతోపాటు పట్నం పోయి వచ్చిన ఒక పెద్ద రైతు ఇప్పుడు మూట లేకుండా మెహదీపట్నం బస్సు ఎక్కుతున్నారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో రక్త పరీక్ష కాగితాలు, స్కానింగ్ ఫిల్ములు, ఆధార్ కార్డు జిరాక్సులు. పక్కన కూర్చున్నవారు “ఎక్కడిదాకా?” అని అడిగితే “పట్నంల పనుంది” అంటారు. ఏం పనో చెప్పరు.

ఈ రైతుకు పేరు పెట్టనక్కర లేదు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్.. ఏ మండలంలోనైనా ఇలాంటి పెద్దమనిషి ఎదురుపడవచ్చు. ఆయన కథ ఒక్క ఇంటిది కాదు. ప్రోస్టేట్ కాన్సర్ అన్న మాట విన్న ఇళ్లలో సాధారణంగా జరిగేదంతా ఒకచోట చేర్చి చెప్పుకుంటే ఇలాగే వుంటుంది.

జబ్బు కంటే ముందు ఈ ఇళ్లను పీడించేది ఎదురుచూపు. ఈ పరీక్షకు వారం, ఆ రిపోర్టుకు పది రోజులు, స్కానింగుకు తేదీ, ఆపరేషన్‌కు మరో తేదీ. “ఇన్నాళ్లు ఆగితే లోపల అది పెరగదా?” అన్న ప్రశ్న రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వదు. ఆ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కొన్ని ఆలస్యాలు వైద్యంలో భాగం. కొన్ని వుంటే వున్నా నష్టం లేదు. కొన్నింటిని ఒక్క పూట కూడా సహించకూడదు. ఏది ఏదో తెలుసుకుంటే సగం భారం దిగుతుంది.

మొదటి ఆలస్యం ఇంట్లోనే

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ వుండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. మగవారికి మాత్రమే వుంటుంది. వయసులో వున్నప్పుడు ఉసిరికాయంత. యాభై దాటాక చాలామందిలో అది పెరుగుతుంది. ధార సన్నబడుతుంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది. ఇది కాన్సర్ కాదు, వయసుతోపాటు వచ్చే వాపు మాత్రమే. ఇలా లేచేవారిలో ఎక్కువమందికి వుండేది ఈ వాపే.

చిక్కు ఏమిటంటే, అదే గ్రంథిలో కాన్సర్ మొదలైనా తొలి రోజుల్లో ఏ బాధా వుండదు. నొప్పి వుండదు, జ్వరం వుండదు. బాధ తెలిసేసరికి కొందరిలో అది గ్రంథి దాటి ఎముకలకు చేరి వుంటుంది. అందుకే ఒంటికి పోవడంలో ఇబ్బంది వచ్చినప్పుడు “ముసలితనం, అంతే” అని సరిపెట్టుకోవడం మంచిది కాదు. మన దగ్గర నెలలు, ఒక్కోసారి ఏళ్లు పోయేది ఇక్కడే. ఆడవాళ్ల ముందు చెప్పడానికి సిగ్గు. కొడుకు ముందు చెప్పడానికి మొహమాటం. డాక్టరు దగ్గర కూడా నడుం నొప్పి గురించి చెప్పి అసలు సంగతి మింగేసి వచ్చేవారు వున్నారు.

తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఈ జబ్బు వచ్చి వుంటే మిగతా మగవారు నలభై అయిదు నాటికే డాక్టరుతో మాట్లాడటం మంచిది. ఇది అంటు వ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు.

అంకె చూసి అదరవద్దు

డాక్టరు ముందు రాయించేది పీఎస్ఏ అనే రక్త పరీక్ష. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను ఇందులో కొలుస్తారు. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు అన్నది చాలాకాలంగా వాడుకలో వున్న హద్దు. అది దాటితే కాన్సర్ అని కాదు. దాటకపోతే లేదని కూడా కాదు. వయసు వాపు వున్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వున్నా, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా ఈ అంకె పెరుగుతుంది.

కాబట్టి ఇన్‌ఫెక్షన్ వుంటే ముందు దానికి మందులిచ్చి, ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయించమంటారు. ఇది మొదటి ఎదురుచూపు. డాక్టరు పట్టించుకోక పంపిన ఆలస్యం కాదిది. గ్రంథి నెమ్మదించిన తరువాత వచ్చే అంకెనే నమ్మాలి గనుక ఆగమంటారు. వానకు తడిసిన నేలను ఆరనిచ్చి దున్నినట్లే ఇది. తొందరపడితే పని చెడుతుంది.

రెండోసారి కూడా అంకె ఎక్కువే వుంటే డాక్టరు వేలితో మలద్వారం గుండా గ్రంథిని తడిమి చూస్తారు. ఎంఆర్ఐ రాస్తారు. అనుమానం నిలిస్తే బయాప్సీ. అంటే సన్నని సూదితో గ్రంథి నుంచి చిన్న చిన్న ముక్కలు తీయడం. మామూలుగా ఒక డజను దాకా తీస్తారు. ఎంఆర్ఐ బయాప్సీకి ముందే జరిగితే మేలు. ముందు బయాప్సీ అయితే లోపల గడ్డకట్టిన రక్తం కరిగేదాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఎంఆర్ఐ కోసం ఆగవలసి వుంటుంది. ఈ వరుస ముందే అడిగి తెలుసుకుంటే ఒక ఎదురుచూపు తప్పుతుంది.

“సూది గుచ్చితే కాన్సర్ ఒళ్లంతా పాకుతది” అన్న మాట ఊళ్లలో బలంగా వుంది. ఆ మాట నమ్మి బయాప్సీ వద్దని లేచి వచ్చేవారూ వున్నారు. సూది వల్ల జబ్బు వ్యాపించడం అన్నది చాలా చాలా అరుదు. సూది లేకుండా జబ్బేమిటో, ఎంత తీవ్రమైనదో తేలదు. బయాప్సీ తరువాత కొద్ది రోజులు మూత్రంలో కొంచెం రక్తం పడవచ్చు. అది తగ్గిపోతుంది. కాని చలితో జ్వరం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. అదే రాత్రి ఆస్పత్రికి చేరాలి. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ పది రోజులు ఏం జరుగుతుంది?

ముక్కలు తీసినరోజు సాయంత్రం ఇంటికి వచ్చిన రైతును భార్య అడుగుతుంది. “ఏమన్నడయ్యా సారు?”

“పది దినాలకు రమ్మన్నడు.”

“పది దినాలా? అన్ని దినాలు ఏం జేస్తరట?”

ఆయనకూ తెలియదు. అడగలేదు. ఆ పది రోజులు ఇంట్లో ఎవరూ సరిగా తినరు.

నిజానికి ఆ పది రోజుల్లో చాలా పని జరుగుతుంది. తీసిన ముక్కలను ముందు ఫార్మలిన్ ద్రవంలో నానబెడతారు. తరువాత వాటిలోని నీరు తీసేస్తారు. కరిగిన మైనంలో వుంచి దిమ్మెలుగా పోస్తారు. ఆ దిమ్మెలను వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచని పొరలుగా కోసి, గాజు పలకల మీద పరచి, రంగులు వేస్తారు. అప్పుడు పెథాలజీ డాక్టరు మైక్రోస్కోపు కింద ఒక్కొక్క ముక్కనూ చూస్తారు. అనుమానం వస్తే మరో ప్రత్యేక రంగు పరీక్ష చేస్తారు. దానికి ఇంకొన్ని రోజులు. రిపోర్టు ఆలస్యమైతే “ఏదో పెద్దదే వుంది, అందుకే దాస్తున్నరు” అనుకోవలసిన పని లేదు. చాలాసార్లు ఆ ఆలస్యం జాగ్రత్త వల్ల వచ్చేదే.

రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఒక అంకె వుంటుంది. అమెరికాలో డోనాల్డ్ గ్లీసన్ అనే వైద్యుడు 1966లో రూపొందించిన పద్ధతి ఇది. ఈనాడు రిపోర్టుల్లో సాధారణంగా 6 నుంచి 10 దాకా వుంటుంది. 6 అంటే నెమ్మదిగా నడిచే జబ్బు. 7 నడిమిది. 8, 9, 10 అయితే దూకుడు ఎక్కువ. ఈ అంకె, పీఎస్ఏ, స్కానింగులు.. మూడూ కలిపి చూస్తేగాని వైద్యం తేలదు. అందువల్ల రిపోర్టు చేతికి వచ్చిన రోజే మందు మొదలుకాకపోతే కంగారు పడనక్కర లేదు.

జబ్బు ఎముకలకు చేరిందేమో చూడటానికి బోన్ స్కాన్ చేస్తారు. ఇందులో కూడా ఒక ఎదురుచూపు వుంది. సూదిమందు ఇచ్చాక అది ఎముకలకు పట్టడానికి రెండు మూడు గంటలు ఆగి, ఆ తరువాత యంత్రం కింద పడుకోబెడతారు. సంగతి తెలియనివారు “సూది ఇచ్చి మర్చిపోయిన్రు” అని గొడవ పడుతుంటారు.

బ్రిటన్‌లో 15 ఏళ్లు చూశారు

“కాన్సర్ అని తెలిశాక రెండు నెలలు ఆపరేషన్ లేకుండా వుంటే ఎట్ల?” ఇది అన్ని దేశాల రోగులూ అడిగే ప్రశ్నే. దీనికి బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశీలన కొంత జవాబు ఇచ్చింది. గ్రంథి దాటని ప్రోస్టేట్ కాన్సర్ వున్న 1,643 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్. ఒక జట్టుకు రేడియేషన్. మూడో జట్టుకు వెంటనే ఏమీ చేయకుండా పీఎస్ఏ పరీక్షలతో కనిపెట్టి వుండటం, అవసరమైతే అప్పుడు వైద్యం. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మొత్తం మీద ఈ కాన్సర్‌తో చనిపోయినవారు 45 మంది. అంటే వందకు ముగ్గురి లోపే. మూడు జట్లలోనూ మరణాలు ఇంచుమించు ఒకే తీరుగా వున్నాయి.

దీనర్థం వైద్యం అక్కర లేదని కాదు. కనిపెట్టి వున్న జట్టులో వందకు తొమ్మిదిమందికి పైగా జబ్బు ఇతర భాగాలకు పాకింది. మిగతా రెండు జట్లలో వందకు అయిదుగురి దాకా. కనిపెట్టి వున్నవారిలో కూడా సగానికి పైగా తరువాత ఏదో ఒక వైద్యం తీసుకున్నారు. అయినా ఒక్క సంగతి తేలింది. గ్రంథిలోనే వున్న, నెమ్మది రకం జబ్బు అయితే ఆలోచించుకోవడానికి, మరో డాక్టరును అడగడానికి, పంట తీసి చేతికి డబ్బు తెచ్చుకోవడానికి కొన్ని వారాలు సమయం వుంది. ఈ మాట మీకు వర్తిస్తుందా లేదా అన్నది మీ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి. ఎముకలకు చేరినవారికి, గ్లీసన్ అంకె పెద్దగా వున్నవారికి ఈ లెక్క పనికిరాదు.

వైద్యంలోనే వుండే ఆగుడు

బయాప్సీ అయిన వెంటనే ఆపరేషన్ చేయరు. లోపలి పుండ్లు మానడానికి ఆరు వారాలు అటూఇటుగా ఆగుతారు. రేడియేషన్ ఇవ్వబోయే చాలామందికి ముందు రెండు మూడు నెలలు హార్మోను సూదులు ఇస్తారు. ఆ రోజులు వృథా కాదు. ప్రోస్టేట్ కాన్సర్ మగ హార్మోను మీద బతుకుతుందని, దాన్ని ఆపితే జబ్బు ముడుచుకుంటుందని 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ నిరూపించారు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ చేవెళ్ల రైతుకు ఇచ్చే సూదికి మూలం అదే. నెలకో, మూడు నెలలకో ఒక సూది ఇస్తారు. ఖర్చు భరించలేని వారికి, మాటిమాటికీ తిరగలేని వారికి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ వుంది. ఫలితం దాదాపు ఒకటే. సూది మొదలైందంటే వైద్యం మొదలైనట్టే.

2020లో ఈ సంగతి ఎంతోమందికి అక్కరకు వచ్చింది. ఆ ఏడాది మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో బస్సులు ఆగిపోయాయి. జిల్లా బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 19న. ఆస్పత్రుల్లో చాలా ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆ రోజుల్లో ప్రపంచమంతటా డాక్టర్లు ప్రోస్టేట్ రోగులకు ముందు హార్మోను సూది ఇచ్చి, ఆపరేషన్‌నో రేడియేషన్‌నో కొన్ని నెలలు వెనక్కి జరపవచ్చునని నిర్ణయించారు.

రేడియేషన్ మొదలైతే వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఎనిమిది వారాలు తిరగాలి. కొన్నిచోట్ల ఇంకా తక్కువ రోజుల్లోనూ ముగిస్తున్నారు. రోజూ బస్సులో పోయి రావడమా, పట్నంలో చుట్టాల ఇంట్లో దిగడమా అన్నది మొదటి తేదీకి ముందే తేల్చుకోవాలి. మధ్యలో రోజులు తప్పితే వైద్యం దెబ్బ తింటుంది.

ఒక్క పూట కూడా ఆగకూడని చోట

రిపోర్టు రాలేదనో, డాక్టరు ఇచ్చిన తేదీ ఇంకా రాలేదనో కిందివాటిని ఓర్చుకోకూడదు.

మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే వెంటనే వెళ్లాలి. కొత్తగా వెన్నులో నొప్పి మొదలై కాళ్లు బరువెక్కినా, తిమ్మిరెక్కినా, నడక తూలినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా గంటలు లెక్కే. వెన్నుపూసలో చేరిన జబ్బు నరాలను నొక్కుతోందని అర్థం. ఆ రోజే వైద్యం అందితే నడక నిలబడుతుంది. రెండు రోజులు నూనె రాసి చూస్తే మంచానికే పరిమితం కావలసి రావచ్చు. చలిజ్వరం సంగతి ముందే చెప్పుకున్నాం. ఇలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి. దగ్గరలో వున్న పెద్ద ఆస్పత్రికి చేరాలి. “ప్రోస్టేట్ కాన్సర్ వుంది” అని మొదటి మాటగా చెప్పాలి. కాగితాల సంచి వెంట వుండాలి.

కాగితాల వల్ల వచ్చే ఆలస్యం

జబ్బు వల్ల కాక కాగితాల వల్ల పోయే రోజులే చాలామందికి ఎక్కువ. దీన్ని తగ్గించుకోవడం మన చేతిలో వుంది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం పొందే వీలుంది. అయితే ఆపరేషన్‌కు గాని, రేడియేషన్‌కు గాని ఆస్పత్రి ముందుగా అనుమతి తెప్పించుకోవాలి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు వుంటే అక్కడే ఆగిపోతుంది. బయాప్సీ రోజునే ఈ పేర్లు సరి చూసుకోవాలి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర “మా కాగితం పోయిందా? ఎప్పుడు పోయింది?” అని అడగడానికి జంకవద్దు. అనుమానాలకు 104 నంబరు వుంది.

పట్నంలో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ కాన్సర్ ఆస్పత్రి 1955 నుంచి వుంది. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో మూత్రకోశ వైద్యుల విభాగాలు వున్నాయి. పెద్ద ఆస్పత్రికి పోతే జనం ఎక్కువ. పొద్దున్నే చేరాలి. ప్రతి రిపోర్టుకూ రెండు జిరాక్సులు తీయించి, తేదీల వరుసలో పెట్టి, పైన ఒక కాగితం మీద ఏ రోజు ఏ పరీక్ష అయిందో రాసిపెడితే డాక్టరుకు సంగతి వెంటనే అర్థమవుతుంది. కాగితం పోతే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రతిసారీ గది నుంచి బయటకు వచ్చే ముందు మూడు మాటలు అడగాలి. “మేం దేని కోసం ఆగుతున్నం? ఏ తేదీ దాకా ఆగాలె? ఆ తేదీకి రాకుంటే ఎవరిని అడగాలె?” ఈ మూడింటికీ జవాబు రాసి తెచ్చుకున్నవారికి ఇంటికొచ్చాక సగం నిద్రయినా పడుతుంది. మృగశిర కార్తె ఎప్పుడో తెలిస్తే రైతు వాన కోసం ఓపికగా ఆగుతాడు. ఎప్పుడో తెలియని ఆగుడే మనిషిని కుంగదీస్తుంది.

భూమి బేరం తొందరొద్దు

ఎదురుచూపులో మరో ప్రమాదం తొందర నిర్ణయం. కాన్సర్ మాట చెవిన పడగానే చుట్టాల్లో ఒకరు పసరు మందు వున్న ఊరు చెబుతారు. ఇంకొకరు భూమి బేరానికి మనిషిని తెస్తారు. పట్నం పక్కన వున్న మొయినాబాద్‌లో గుంట భూమికి కూడా కొనేవాడు సిద్ధంగా వుంటాడు. జబ్బు ఏ దశలో వుందో, ఏ వైద్యం కావాలో, అందులో ఆరోగ్యశ్రీ ఎంత భరిస్తుందో తేలకముందే బయానా తీసుకున్న ఇల్లు తరువాత బాధపడుతుంది. స్కానింగులు అయి, వైద్యం ఖరారయ్యాక ఖర్చు లెక్క వేసుకోవచ్చు. ఆస్పత్రిలోనే అంచనా రాసి ఇమ్మని అడగవచ్చు. పసరు మందుల కోసం హార్మోను సూది ఆపడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

పెద్దాయనకు చెప్పాలా, వద్దా?

చాలా ఇళ్లలో రిపోర్టు ముందు కొడుకు చేతికి వస్తుంది. “నాయినకు చెప్పకుండ్రి సార్, తట్టుకోలేడు” అని డాక్టరును బతిమాలతాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. మాటలు గుసగుసలవుతాయి. ఆయన గదిలోకి రాగానే అందరూ మౌనం.

ఆయన అమాయకుడు కాదు. రెడ్‌హిల్స్ బస్టాపులో దిగినప్పుడే ఆయనకు సగం అర్థమవుతుంది. చెప్పకపోతే ఆయన ఒక్కరే ఆ భయంతో మిగిలిపోతారు. ఆపరేషనా, రేడియేషనా, ఆగి చూడటమా అన్నది ఆయన ఒంటికి సంబంధించిన నిర్ణయం. ఆపరేషన్ తరువాత కొంతకాలం మూత్రం పట్టు తప్పవచ్చు. దాంపత్య జీవితంలో మార్పు రావచ్చు. ఇవి ఆయనకూ భార్యకూ ముందే తెలియాలి. అన్నీ ఒకేరోజు చెప్పనక్కర లేదు. “నీకెంతవరకు తెలుసుకోవాలని వుంది నాయినా?” అని అడిగితే చాలు. మిగతాది ఆయనే నడిపిస్తారు.

ఒక రాత్రి ఆ పూల రైతు అరుగు మీద కూర్చుని కొడుకుతో అంటారు. “నాకెరికేరా. కాగితం మీద ఏం రాసిన్రో చదువు.” కొడుకు చదువుతాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడరు. తరువాత ఆయన అడిగేది జబ్బు గురించి కాదు. “మళ్ల ఎప్పుడు రమ్మన్నరు?” అని.

రోజులు గడిపేదెలా?

ఆగవలసిన రోజుల్లో చేయగలిగింది వుంది. రోజూ అరగంట నడవాలి. హార్మోను సూదుల వల్ల ఎముకలు బలహీనపడతాయి, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, నీరసం కమ్ముతుంది. నడక, చేనుపని వీటికి మందు లాంటివి. బీడీ, సారా మానడానికి ఇదే సమయం. బీపీ, షుగర్ అదుపులో వుంటే ఆపరేషన్ తేదీ వెనక్కి పోదు. పంపు ఇప్పడం, నారుకు నీళ్లు కట్టడం లాంటి పనులు ఆయన చేతి నుంచి లాగేసుకోకూడదు. పని లేని మనిషికి గడియారం మెల్లగా తిరుగుతుంది.

నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా అది పిరికితనం కాదు. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నొప్పి వున్నవారు ఓర్చుకుంటూ కూర్చోవద్దు. జబ్బు నయం కాని దశలో కూడా నొప్పిని తగ్గించే వైద్యం వుంది. డాక్టరును అడిగి తీసుకోవాలి.

వైద్యం ముగిసినా ఎదురుచూపు పూర్తిగా పోదు. మూడు నెలలకో, ఆరు నెలలకో పీఎస్ఏ పరీక్ష వుంటుంది. ఆ పరీక్ష ముందు వారం ఇంట్లో మళ్లీ పాత భయం తిరుగుతుంది. అయితే రెండోసారి, మూడోసారికి దాని మొహం తెలిసిపోతుంది. వారం రోజులు వచ్చి పోయే చుట్టంలా దాన్ని సాగనంపడం అలవాటవుతుంది.

పూల రైతు ఇంట్లో గోడ మీద కాలెండరు వుంది. ఉగాది, దసరా గుర్తుల పక్కన ఇప్పుడు ఎర్ర సిరాతో మరికొన్ని సున్నాలు కనిపిస్తాయి. ఒకటి స్కానింగు తేదీ. ఒకటి సూది తేదీ. ఒకటి ఆరోగ్యశ్రీ కాగితం గురించి అడగవలసిన రోజు. నడుమ వున్న రోజులకు ఏ గుర్తూ లేదు. ఆ రోజుల్లో ఆయన తెల్లవారుజామునే లేచి చేమంతులు కోస్తున్నారు.